పరుగుకు ముందు మాత్ర వద్దు: దేహదారుఢ్య పరీక్షలకు సిద్ధమయ్యేవారికి జాగ్రత్తలు

2024 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ ఉద్యోగాల కోసం గంటలో పది కిలోమీటర్ల పరుగు పెడితే, పదిమందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. కొందరు ఉత్ప్రేరకాలు వాడి ఉంటారని అక్కడి వైద్యులు అనుమానించారు. మన కానిస్టేబుల్ పరీక్షలో పరుగు 1600 మీటర్లే. అలాగని ధీమా వద్దు. శ్రీకాకుళం, విజయనగరం మైదానాల్లో తెల్లవారుజామున కనిపిస్తున్న ఒక అలవాటు నన్ను భయపెడుతోంది.

బూట్లు, వార్మప్, నిద్ర గురించి కోచ్‌లు చెప్పే ఉంటారు. నేను చెప్పేది ఒక్కటే: పరుగుకు ముందు నొప్పి మాత్ర వేయకండి.

కుళాయి దగ్గర నిలబడతారు. జేబులోంచి షీటు తీసి, మాత్రను గోటితో విరిచి, ‘సగమే కదా’ అంటూ ఖాళీ కడుపున మింగేస్తారు. నాలుగు రౌండ్లు హాయిగా సాగుతాయి. మోకాలి కింద ముందు ఎముక మాత్రం లోపల చిట్లుతూనే ఉంటుంది. వేలితో నొక్కితే ఒకే చోట ప్రాణం పోయేలా నొప్పి పుడితే అది కండరం పట్టేయడం కాదు, ఎముకలో పగులు కావచ్చు. ఆ సంగతి చెప్పాల్సిన నొప్పినే మీరు నోరు నొక్కేశారు. ఇలా నెలల తరబడి సాధన చేసి, తీరా పరీక్ష నాటికి కట్టు కట్టించుకున్న కుర్రాళ్లను చూశాను.

కిడ్నీల సంగతి ఇంకా ఘోరం. పరుగులో రక్తం కండరాలకు మళ్లుతుంది, చెమటతో ఒంట్లో నీరు తగ్గుతుంది. అప్పుడు కిడ్నీకి రక్తం అందేలా నాళాలను తెరిచి ఉంచే రసాయనాలు శరీరంలోనే తయారవుతాయి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు ఆపేది సరిగ్గా వాటినే. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కూల్చిందో మనకు ఒకరు చెప్పాలా? ఆ ఉద్దానం ప్రాంతపు పిల్లలు సాధన మొదలుపెట్టే ముందే కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోవాలి.

ఈ మధ్య ఫోన్ వీడియోల్లో మైక్రోడోసింగ్ అనే మాట కూడా వినబడుతోంది. ఎల్‌ఎస్‌డీ వంటి మత్తు పదార్థాన్ని మామూలు మోతాదులో పదో వంతు తీసుకుంటే ఏకాగ్రత పెరుగుతుందట. 2021లో వచ్చిన ఒక అధ్యయనంలో అసలు మందు తీసుకున్నవారికీ, ఉత్త గుళిక మింగినవారికీ కలిగిన మేలు దాదాపు ఒక్కటే. ఆ పదార్థం రవ్వంత దగ్గర ఉన్నా 1985 నాటి మత్తుమందుల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్) కింద కేసు పడుతుంది. పోలీసు ఉద్యోగానికి వెళ్లేవాడికి ఆ కేసు చాలదా? గంజాయికీ ఇదే మాట.

వ్యాయామానికి ముందు హుషారు కోసం వాడే ప్రీ-వర్కౌట్ పొడిని నీళ్లు లేకుండా నోట్లో పోసుకోకండి. అందులో కెఫీన్ ఎంతుందో డబ్బా మీద చదవండి. ఆరోగ్యవంతులకైనా రోజుకు 400 మిల్లీగ్రాములే హద్దు, కాఫీ, టీలు కూడా అందులోకే వస్తాయి. దానికి తోడు మాత్ర అసలే వద్దు. స్నేహితుడు ఇచ్చినా వద్దు. మన తీరం గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. కాబట్టి ఎండాకాలంలో కొత్తగా మొదలుపెట్టినవారు మొదటి రెండు వారాలు వేగం చూసుకోకండి. జ్వరం ఉంటే పరుగు లేదు. విరేచనాలైతే పరుగు లేదు. ఛాతీ పట్టేసినా, కళ్లు తిరిగినా ఆ క్షణమే ఆగండి. రౌండు పూర్తి చేయవద్దు. మూత్రం డికాషన్ రంగులో వస్తే ఇంటికి కాదు, ఆసుపత్రికి వెళ్లండి. నొప్పి తగ్గకపోతే ఆ వారం పరుగు మానండి. మాత్ర వేసి పరుగెత్తకండి. సగమూ వద్దు, పావూ వద్దు. పక్కవాడు తూలినా, పొంతన లేకుండా మాట్లాడినా వడదెబ్బ అనుకోండి: 108కి ఫోన్ చేయండి, నీడకు చేర్చండి, అంబులెన్స్ వచ్చేదాకా ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూనే ఉండండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయకండి. పారాసిటమాల్ ఇవ్వకండి, వడదెబ్బకు అది పనిచేయదు. పొద్దున ఏం మింగాడో డాక్టరు దగ్గర దాచకండి.