కాలనీ వాట్సాప్ గ్రూపులో రూల్స్ అమలు చేయడం ఎలా?

తిరుపతిలో మా కాలనీ గ్రూపుకు ఆరేళ్లుగా నేను అడ్మిన్‌ని. చుట్టుపక్కల గ్రూపులు ఒకే తీరులో పాడవడం చూస్తున్నాను. నోరున్నవాళ్లకు ఒక రూలు, నోరులేనివాళ్లకు ఇంకో రూలు. ఇక చూడలేక ఇది రాస్తున్నాను.

ముందు రూల్స్ రాసి గ్రూప్ డిస్క్రిప్షన్‌లో పెట్టండి. ఐదుకు మించకూడదు, ఆరోది ఎవరూ చదవరు. పార్టీల గొడవలు వద్దు, గుడ్ మార్నింగ్ బొమ్మలు వద్దు. దేవుడి ఫొటోలు కూడా వద్దు. భక్తి లేక కాదు, వాటి కింద నీళ్ల ట్యాంకర్ కబురు కనబడకుండా పోతుంది. అడ్మిన్‌లు ఇద్దరే ఉండాలి. కొత్తవాళ్లు అడ్మిన్ ఒప్పుకుంటేనే చేరేలా సెట్టింగ్ మార్చండి. ఇదంతా పది నిమిషాల పని.

అసలు కష్టం తప్పు పోస్టు పడినప్పుడే. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

అది ఏ రకం పోస్టో ముందు చూడండి. 300 రూపాయల దర్శనం టికెట్లు ఇప్పిస్తామని ఎవరిదో లింకు వస్తే నిమిషం కూడా ఆగొద్దు. అందరి ఫోన్లలోంచీ పోయేలా డిలీట్ చేసి, టికెట్లు టీటీడీ సొంత సైట్లోనే తీసుకోమని, ఎవరైనా డబ్బు పోగొట్టుకుని ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని రాయండి.

పార్టీ పోస్టో, కోపంతో రాసిన మాటో అయితే తొందర వద్దు. అడ్మిన్ డిలీట్ చేస్తే ఎవరు చేశారో అందరికీ కనబడుతుంది. పెట్టిన మనిషికి పదిమందిలో తలకొట్టేసినట్టు ఉంటుంది. ముందు ఫోన్ చేయండి. మెసేజ్ కాదు, ఫోన్. "అన్నా, ఆ పోస్టు మన మొదటి రూలుకు కుదరదు, మీరే తీసేస్తారా?" అంటే చాలామంది తీసేస్తారు. సాయంత్రంలోపు తీయకపోతే మీరు తీయండి. ఏ రూలు ప్రకారం తీశారో కింద రాయండి.

ఇది రాయకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. చెత్త బండి మూడు రోజులుగా రావడం లేదని రాసినందుకు ఒక గ్రూపులో నన్ను తీసేశారు. అడ్మిన్ బంధువు పెట్టిన పార్టీ వీడియో మాత్రం అలాగే ఉంది. నేను ఏ రూలు తప్పానో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

అందుకే రెండు హెచ్చరికలు ఇవ్వండి, తేదీతో నోటుబుక్కులో రాసుకోండి. మూడోసారి వారం రోజులు బయట. ఎవరైనా సరే. మా బావనూ అలాగే తీశాను, రెండు నెలలు నాతో మాట్లాడలేదు. రాత్రి పది తర్వాత మాత్రం ఎవరినీ తీయకండి, ఆ వేళ కోపమే నిర్ణయం తీసుకుంటుంది.

ఈ టెన్షన్ పడలేక కొందరు అడ్మిన్‌లు మాత్రమే రాసేలా గ్రూపుకు తాళం వేస్తారు. ఎవరో పెట్టిన పోస్టుకు తమ మీద కేసు పడుతుందని వాళ్ల భయం. కేవలం అడ్మిన్ అయినందుకు సభ్యుడి పోస్టుకు బాధ్యుడు కాడని కేరళ హైకోర్టు 2022లోనే చెప్పింది. తాళం వేస్తే అర్ధరాత్రి పైపు పగిలిందని ఎవరు చెప్తారు? గొడవ మరీ ముదిరితే గంటసేపు వేయండి, చాలు.

వారం అవగానే మీరే ఫోన్ చేసి ఆ మనిషిని తిరిగి చేర్చండి. ఆయన అడిగేదాకా ఆగకండి. పాత సంగతి గ్రూపులో ఎవరైనా ఎత్తితే, తర్వాతి ఫోన్ వాళ్లకు.