రీల్స్ మానేసి ఆన్‌లైన్ క్లాసులు మొదలుపెట్టడం ఎలా?

బెజవాడలో గానీ గుంటూరులో గానీ, రీల్స్ చేసి చేసి విసిగిపోయినవాళ్లు "ఇక కోర్సు పెట్టేస్తా" అనుకోగానే ముందు లోగో చేయిస్తారు. తర్వాత మొగల్రాజపురంలోనో బ్రాడీపేటలోనో ఓ గది అద్దెకు తీసుకుని గోడలకు నల్లటి ఫోమ్ షీట్లు అంటిస్తారు. ఆపైన నలభై వీడియోలు రికార్డు చేస్తారు. చివరికి కొనేవాళ్లు లేరని నాకు ఫోన్ చేస్తారు. ఇలాంటివాళ్ల చేత క్లాసులు మొదలుపెట్టించడమే నా పని కాబట్టి, ఏది ముందో ఏది వెనకో చెబుతాను. ఉదాహరణకు మగ్గం వర్క్ రీల్స్ చేసే అమ్మాయిని తీసుకుందాం. మీరు స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పినా, టాలీ చెప్పినా వరస మారదు.

1. ప్రమోషన్లు తగ్గించండి, తెంచుకోకండి

ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో లేకుండా, కంపెనీల దగ్గర డబ్బు తీసుకుని చేసే ప్రమోషన్లు ఆపొద్దు. మొదట మీరు నేర్పబోయే దానితో సంబంధం లేనివి వదిలేయండి. చీరల షాపు వీడియో ఉండొచ్చు, జుట్టు నూనె వీడియో మాత్రం వద్దు. బెట్టింగ్ యాప్ ప్రమోషన్ ఒక్కటి చేసి ఉన్నా, ఫీజు కట్టే తల్లిదండ్రులు అదే గుర్తుపెట్టుకుంటారు. ఒప్పందం కాగితాలు ఒకసారి తీసి, ఏ వీడియో ఎన్నాళ్లు పేజీలో ఉంచాలని రాశారో చూసుకోండి.

2. నంబర్లు మీ దగ్గర పెట్టుకోండి

2020 జూన్ 29 రాత్రి టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లను కేంద్రం నిషేధించింది. లక్షల్లో ఫాలోవర్లున్న మనవాళ్లకు తెల్లారేసరికి ఒక్క ఫాలోవరు కూడా మిగల్లేదు. ఫాలోవర్లు యాప్ సొత్తు, ఫోన్ నంబరే మీ సొత్తు. ఏదైనా చిన్న పీడీఎఫ్ ఇచ్చి, ఉదాహరణకు సూదుల నంబర్లు, దారాల రకాలు ఉన్న ఒక్క పేజీ ఇచ్చి, వాట్సాప్ నంబరు తీసుకోండి. మీ నంబరు కూడా సేవ్ చేసుకోమని చెప్పాలి. సేవ్ చేసుకోనివాళ్లకు బ్రాడ్‌కాస్ట్ మెసేజ్, అంటే ఒకేసారి చాలామందికి విడివిడిగా పంపేది, వెళ్లదు. అందరినీ ఒకే గ్రూపులో పడేయకండి. అందులో ఆడపిల్లల నంబర్లు అందరికీ కనిపిస్తాయి, తర్వాత వచ్చే "హాయ్" మెసేజ్‌లకు మీరే జవాబు చెప్పుకోవాలి.

3. సామాను

ఉన్న ఫోన్, ఒక కాలర్ మైకు, ఒక స్టాండు, కిటికీ పక్కన కుర్చీ. ఇంటి ఫైబర్ పోతే వాడుకోవడానికి వేరే కంపెనీ సిమ్ ఒకటి. అంతే. రింగ్ లైటు వద్దు, కళ్లద్దాల్లో గుండ్రంగా మెరుస్తుంది. రోహిణి కార్తెలో ఫ్యాను ఆపి రికార్డింగ్ చేయమని బెజవాడవాళ్లకు చెప్పడం పాపమే కాబట్టి, వేసవిలో రికార్డింగ్ ఏదైనా ఉంటే తెల్లవారుజామున ఆరులోపే ముగించండి.

మగ్గం నేర్పేవాళ్లకు మాత్రం ఒక మాట. సూది పైన ఆడుతుంది, దారం పట్టుకునే చెయ్యి బట్ట కింద ఉంటుంది. నేర్చుకునేవాళ్లు తడబడేదంతా ఆ కింది చేతి దగ్గరే. రీల్‌లో పైచెయ్యి చూపిస్తే సరిపోతుంది గానీ క్లాసులో సరిపోదు. మొదటి రెండు క్లాసులకు పల్చటి నెట్ బట్ట బిగించండి, కింది చెయ్యి దాంట్లోంచి కనిపిస్తుంది. కుదిరితే రెండో ఫోన్ మగ్గం కింద పెట్టండి.

4. వీడియో ఒక్కటి కూడా తీయకముందే మొదటి బ్యాచ్‌కి ఫీజు కట్టించుకోవడం

నూటికి తొంభైమంది చెడగొట్టేది ఇక్కడే. నిదానంగా చదవండి.

ముందుగా, స్టోరీలో "కోర్సు పెడితే చేరతారా?" అని పోల్ పెట్టొద్దు. అందరూ అవుననే అంటారు. అవుననడానికి ఖర్చేముంది? ఆ లెక్క చూసుకుని స్టూడియో కట్టినవాళ్లున్నారు. పోల్‌కి బదులు మీ ఇన్‌బాక్స్ తెరిచి పాత మెసేజ్‌లు చదవండి. "ప్రైస్ ప్లీజ్ అక్కా" అన్నవాళ్లు మీ విద్యార్థులు కారు, మీ చేత బ్లౌజు కుట్టించుకోవాలనుకునేవాళ్లు. "సూపర్ అక్కా" అన్నవాళ్లు ప్రేక్షకులు. "అక్కా, చైన్ స్టిచ్ వేస్తుంటే దారం మధ్యలో తెగిపోతోంది, ఎందుకు?" అన్నవాళ్లున్నారే, వాళ్లు విద్యార్థులు. అప్పటికే సూది కొన్నారు, ప్రయత్నించారు, ఎక్కడో ఆగిపోయారు. లక్షమంది ఫాలోవర్లున్న పేజీలో ఇలాంటివాళ్లు వందమంది దొరికితే సంతోషించాలి. పేర్లు, వాళ్లడిగిన ప్రశ్నలు నోట్‌బుక్‌లో రాయండి. ఎక్సెల్ వద్దు, చేత్తో రాస్తేనే ఏ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోందో తలకెక్కుతుంది.

ఎక్కువమంది ఎక్కడ ఆగిపోయారో అదే మీ కోర్సు. "మగ్గం వర్క్ పూర్తి కోర్సు" అని పెట్టకండి. "ఆరు వారాల్లో మీ బ్లౌజు చేతులకు మీరే వర్క్ చేసుకోండి" అని పెట్టండి. ఏం చేతికొస్తుందో వినగానే తెలియాలి.

ఇప్పుడు వాళ్లకు ఫోన్ చేయండి. మెసేజ్ కాదు, ఫోనే. కెమెరా ముందు గంటలు గంటలు మాట్లాడేవాళ్లకు కూడా ఇక్కడ గొంతు పెగలదు, ఎందుకంటే ఇన్నాళ్లూ డబ్బు ఇచ్చింది కంపెనీ, చూసేవాళ్ల దగ్గర రూపాయి అడిగిన అలవాటు లేదు. రెండు నిమిషాలు వాళ్ల ఇబ్బంది వినండి. తర్వాత ఏం నేర్పుతారో, ఏ రోజు మొదలో, ఫీజు ఎంతో ఆగకుండా చెప్పండి. ఫీజు చెప్పాక మాట్లాడకండి. "అంటే... మీకు ఎక్కువనిపిస్తే..." అని మీరే మొదలుపెడితే సగం ఫీజు అక్కడే పోయినట్టు.

"కొంచెం తగ్గించండి అక్కా" అని తప్పకుండా అడుగుతారు. బీసెంట్ రోడ్డులో బేరమాడకుండా రుమాలు కూడా కొనని ఊరు మనది, అడిగినంత మాత్రాన వద్దన్నట్టు కాదు. తగ్గించకండి. రెండు వాయిదాల్లో కట్టమనండి. ఒకరికి తగ్గిస్తే మూడో క్లాసుకల్లా ఇరవైమంది బ్యాచ్‌లో మిగతా పందొమ్మిది మందికీ తెలుస్తుంది. చుట్టాలకైనా సరే ఉచితం వద్దు. ఉచితంగా చేరిన మేనత్త కూతురు హోంవర్క్ చేయదు, ఆమెను చూసి పక్కవాళ్లూ మానేస్తారు.

ఇక్కడ 99 రూపాయల వెబినార్ సంగతి చెప్పాలి. 99కి వెయ్యిమందిని కూర్చోబెట్టి, మూడు గంటలు ఊదరగొట్టి, "ఇవాళ రాత్రి పన్నెండులోపు చేరితేనే" అని పాతికవేల కోర్సు అంటగట్టడం ఒక పద్ధతి. డబ్బు రాదని అనను. వచ్చిన డబ్బులో చాలా వరకు ప్రకటనలకే పోతుంది, కంగారులో కట్టినవాళ్లు మర్నాడు వెనక్కి అడుగుతారు. పైగా మనకు పెద్ద ఊళ్లలా ముక్కూమొహం తెలియని జనం ఉండరు. గుంటూరులో ఒకరికి కోపమొస్తే సాయంత్రానికి అరండల్‌పేటంతా తెలుస్తుంది. నా పద్ధతిలో నెమ్మదిగా వస్తారు, కానీ చెల్లెల్ని తీసుకుని వస్తారు.

ఫీజు తీసుకునేముందు మూడు విషయాలు రాసి పంపాలి: ఎన్ని క్లాసులు, ఏ సమయం, ఎప్పటిదాకా డబ్బు వెనక్కిస్తారు. రెండో క్లాసు అయ్యేదాకా అడిగితే పూర్తిగా ఇచ్చేయండి. ఉద్యోగం గ్యారంటీ, నెలకు యాభై వేల సంపాదన గ్యారంటీ లాంటి మాటలు రాయకండి. ఇంటర్ కాలేజీల ర్యాంకుల హోర్డింగుల మధ్య పెరిగినవాళ్లం కదా, మనకూ అలా ఫొటోలు పెట్టాలని చెయ్యి దురద పెడుతుంది. చదువు చెప్పే కోచింగుల తప్పుడు ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. అభ్యర్థి పరీక్షలో నెగ్గాక రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప పేరు, ఫొటో వాడకూడదు. విద్యార్థులు యాభైమందికి మించిన కోచింగులకే ఇవి వర్తిస్తాయి, కళలు నేర్పేవాటికి కాదు అని అందులో ఉంది కాబట్టి మగ్గం క్లాసుకు వర్తించకపోవచ్చు. అయినా పాటించండి. షేర్ మార్కెట్ నేర్పుతామనే కుర్రాళ్లకైతే దారి ఇంకా ఇరుకు. గత మూడు నెలల ధరలు చూపించి పాఠం చెప్పకూడదని షేర్ మార్కెట్లను నియంత్రించే సెబీ 2025 జనవరిలో స్పష్టం చేసింది. ఆ జోలికి వెళ్లకపోవడం మేలు.

బ్యాచ్‌కి ఇరవైమంది. ఇరవై ఒకటో మనిషి వస్తే తర్వాతి బ్యాచ్‌కి రాసుకోండి. ఎనిమిదిమంది కూడా కట్టకపోతే కట్టినవాళ్ల డబ్బు అదే రోజు వెనక్కిచ్చి, మళ్లీ నోట్‌బుక్ తెరవండి. అప్పుడు మార్చాల్సింది నేర్పే విషయాన్ని, ఫీజును కాదు. ఫీజు సగం చేసి మళ్లీ ప్రకటించడం ఆవకాయ కారం తగ్గించడానికి నీళ్లు పోసినట్టు, జాడీ మొత్తం పాడవుతుంది.

5. క్లాసు

ఫోన్ చేసి కట్టించినవాళ్లకు లైవ్‌లోనే చెప్పండి. ఆడవాళ్లు ఎక్కువుంటే మధ్యాహ్నం రెండున్నర, ఉద్యోగులైతే రాత్రి ఎనిమిదిన్నర. ఆదివారం వద్దు. నలభై నిమిషాలు పాఠం, ఇరవై నిమిషాలు డౌట్లు. మూడో క్లాసు దగ్గర జనం పలచబడతారు, అందుకని రెండో క్లాసు అవగానే హోంవర్క్ ఫొటో పంపనివాళ్లకు ఫోన్ చేయండి. వాళ్ల ఫ్రేముకు సాధారణంగా బట్ట వదులుగా ఉంటుంది, చెప్పుకోడానికి సిగ్గుపడుతుంటారు.

ప్రతి డౌటూ రాసిపెట్టుకోండి. రెండు బ్యాచ్‌లు అయ్యాక, ఆ డౌట్లన్నీ ముందే తీర్చేలా రికార్డింగ్ మొదలుపెట్టండి. అప్పటిదాకా యాప్ కూడా చేయించొద్దు, జూమ్ చాలు.

6. లెక్కలు

వేరే బ్యాంకు ఖాతా తెరవండి, ఫీజులు తమ్ముడి ఫోన్‌పేకి వద్దు. సేవలకు ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆన్‌లైన్ కోచింగుకు పన్ను 18 శాతం. చాలామంది మర్చిపోయేది ఏంటంటే, ఒకే పాన్ మీద వచ్చే ప్రమోషన్ల డబ్బు, యూట్యూబ్ డబ్బు, ఫీజులు అన్నీ కలిపే 20 లక్షలు చూస్తారు. కంపెనీలు ఊరికే ఇచ్చిన ఫోన్లూ చీరలూ కూడా ఆదాయమే. ఒక కంపెనీ ఇచ్చినవాటి విలువ ఏడాదిలో 20 వేలు దాటితే 10 శాతం టీడీఎస్ (ముందుగానే కోసే ఆదాయపు పన్ను) 2022 జూలై నుంచి అమల్లో ఉంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల నమోదు) ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పూర్తిగా ఉచితం, దానికి రెండు వేలు అడిగేవాళ్లకు దణ్ణం పెట్టి వచ్చేయండి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలు చేరితే అమ్మానాన్నల నంబరు, వాళ్ల అనుమతి తీసుకోండి.

7. పేజీ

పేజీని చంపేయకండి. వారానికి రెండు రీల్స్ చాలు, రెండూ విద్యార్థుల పని చూపించేవే ఉండాలి, అదీ వాళ్లను అడిగే. బయోలో "కొలాబ్స్ కోసం" అన్న లైను తీసేసి తర్వాతి బ్యాచ్ తేదీ పెట్టండి. పాత ప్రమోషన్ వీడియోల్లో ఒప్పందం గడువు తీరినవి ఆర్కైవ్‌లోకి పంపండి. గడువు తీరనివి ముట్టుకోవద్దు, తీసేస్తే ఇచ్చిన డబ్బు వెనక్కి అడిగే హక్కు ఆ కంపెనీలకు ఉండొచ్చు.