పెళ్లి కేకులో ఏ అంతస్తు తినాలి?

"పిన్నీ, తమ్ముడి రిసెప్షన్‌కి మూడంతస్తుల కేకు కావాలి. నాలుగొందల మంది వస్తారు. ఎంతవుద్ది?" అని చీపురుపల్లి నుంచి ఫోను. ఎంతవుతుందో తర్వాత చెబుతాను గానీ, ఎన్నింటికి కోస్తారో ముందు చెప్పమ్మా అన్నాను. ఏడింటికి అంది. నేను నా పుస్తకంలో తొమ్మిదిన్నర అని రాసుకున్నాను.

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర మా ఇంట్లోనే తొమ్మిదేళ్లుగా కేకులు చేస్తున్నాను. అటక మీద అద్దెకిచ్చే డమ్మీలు, అంటే థర్మోకోల్‌తో చేసిన ఉత్తుత్తి కేకులు, ఆరు సెట్లున్నాయి. తినే కేకు అమ్మేదీ నేనే, చూసే కేకు అద్దెకిచ్చేదీ నేనే. కాబట్టి ఒకదాన్ని పొగిడి మీకు అంటగట్టాల్సిన పని నాకు లేదు. డమ్మీయా, అసలుదా అన్నది డబ్బును బట్టి తేలుతుందని చాలామంది అనుకుంటారు. నన్నడిగితే గడియారాన్ని బట్టి తేలుతుంది.

మే నెల ముహూర్తాల్లో మన వైపు ఎండ ఒక ఎత్తు, ఉక్క ఒక ఎత్తు. హాలు వాళ్లు జనం నిండితే గానీ ఏసీ వెయ్యరు. ముప్ఫై డిగ్రీలు దాటాక వెన్న క్రీము మెత్తబడడం మొదలవుతుంది. విప్పింగ్ క్రీము దానికన్నా సుకుమారం. పైన దుప్పటిలా కప్పే ఫాండెంట్ అంతా పంచదారే, గాలిలో తేమ లాగేస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే ఉక్కలో పెడితే దానికి చెమట పట్టి, ఎర్ర గులాబీ రంగు తెల్ల అంచు మీదికి కారుతుంది. ఈలోగా కింది అంతస్తు మెత్తబడుతుంది, దాని నెత్తిన పై రెండింటి బరువు ఉండనే ఉంది. ఎనిమిదింటికి నిటారుగా ఉన్న కేకు తొమ్మిదికల్లా పెళ్లికూతురి వైపు వంగి దండం పెడుతుంది.

అందుకని నేను పెట్టుకున్న పద్ధతి ఇది. కేకు బల్ల మీద పెట్టిన గంటలో కోయించే బాధ్యత తీసుకునే మనిషి మీ ఇంట్లో ఒకరుంటే మొత్తం అసలుది చేయించుకోండి. మేనమామ కోసం, ఎమ్మెల్యే గారి కోసం, ఫొటోగ్రాఫరు అడిగే "ఇంకొక్కటి" కోసం ఆగేవాళ్లయితే డమ్మీ తీసుకోండి. అది రాత్రి పన్నెండు దాకా నిలబడమన్నా నిలబడుతుంది.

ఇప్పుడు డబ్బు. నేను ముక్క అరవై గ్రాములు లెక్కేస్తాను. నాలుగొందల మంది వస్తే కేకు తినేది మహా అయితే రెండొందల నలభై మంది. మిగతావాళ్లు అక్షింతలేసి, కవరిచ్చి, నేరుగా భోజనాల వైపు వెళ్లిపోతారు. అంటే పదిహేను కిలోలు చాలు. అదంతా ఫాండెంట్ వేసి అంతస్తుల కేకుగా చేస్తే కిలో 1,600 చొప్పున 24,000. అదే మూడంతస్తుల డమ్మీ అద్దె 3,000, కోయడానికి కిలోన్నర అసలు కేకు 2,400, వెనక వంటింట్లో ముక్కలు కోసి పంచే పదమూడున్నర కిలోల పలక కేకు కిలో 600 చొప్పున 8,100. మొత్తం 13,500. ఇవి నా ధరలు, మీ ఊళ్లో మారొచ్చు. కేకు ఎవరికీ పంచం, ఫొటో చాలు అనుకుంటే 5,400తో అయిపోతుంది. అలా అనుకునేవాళ్లు పిల్లలున్న బంధువులకి ముందే ఒక మాట చెప్పుకోవాలి. కేకు కనబడి, ముక్క దొరక్కపోతే గుంటలు ఊరుకోరు.

డమ్మీ తీసుకున్నాక అసలు ముక్క ఎక్కడుండాలన్నదే పెద్ద పని. మూడంతస్తులయితే పైది అసలుది చేయిస్తాను. కిలోన్నర బరువుని థర్మోకోల్ హాయిగా మోస్తుంది. అయిదంతస్తులయితే పైది పెళ్లికూతురి మొహానికి అడ్డొస్తుంది, చెయ్యెత్తి కోయాల్సి వస్తుంది. అప్పుడు కింది అంతస్తులో మూడంగుళాల వెడల్పున త్రికోణపు గాడి తవ్వించి, అందులో అసలు ముక్క పెడతాను. లోపల ముందుగా బటర్ పేపరు పరవాలి. లేకపోతే థర్మోకోల్ పూసలు కేకుకి అంటుకుని వరుడి నోట్లోకి పోతాయి. ముక్క కోతకి పావుగంట ముందు మాత్రమే పెట్టాలి.

ఈ గాడి విషయంలో మొదటి ఏడాదే నాకు బుద్ధొచ్చింది. రాజాం వైపు ఒక రిసెప్షన్. అన్నీ సరిగ్గా సర్ది నేను అన్నానికి వెళ్లాను. ఈలోగా డెకరేషన్ కుర్రాడు పూలు బాగా కనబడాలని కేకు బల్లని అటు తిప్పాడు. గాడి వెనక్కి పోయింది. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కోసింది థర్మోకోల్‌ని. పక్కనే యాంకరు చేతిలో మైకు. కత్తి రాసుకున్న కీచుమనే చప్పుడు హాలంతా వినబడింది. స్నేహితులు "గట్టిగా బావా, గట్టిగా" అని అరిచారు. అతను గట్టిగానే నొక్కాడు. పై రెండంతస్తులూ దొర్లి సోఫా కిందికి పోయాయి. ముందు వరసలో కూర్చున్న ఒక తాతగారు నన్ను పిలిచి, "ఏటమ్మా, మీ కేకులో బొమికలున్నాయేటి?" అన్నారు.

అప్పటి నుంచి గాడి సరిగ్గా పైన బంగారు రంగు రిబ్బను ముడి కడుతున్నాను. ఆ ముడి కింద కోయాలని ముగ్గురికి చెబుతాను: ఫొటోగ్రాఫరుకి, డెకరేషన్ వాళ్లకి, పెళ్లికూతురికి. పెళ్లికొడుకుకి చెప్పడం దండగ, ఆ హడావుడిలో గుర్తుండదు.

డమ్మీ మీద పూత ఏమిటో అద్దెకిచ్చేవాళ్లని తప్పకుండా అడగండి. కొందరు ఫాండెంటే వేస్తారు. రెండు మూడు రోజుల్లో గట్టిపడి చూడ్డానికి చక్కగా ఉంటుంది గానీ, వానాకాలంలో జిగురు పడుతుంది, చీమలు పడతాయి. నేను గోడలకి పూసే వాల్ పుట్టీ వాడతాను. బరువు కాస్త ఎక్కువ, చీమల బెడద లేదు. రెండింటిలో ఏదీ నోట్లో పెట్టుకునేది కాదు. ఫాండెంట్ పంచదారే కదా అనకండి, అది ఎన్ని పెళ్లిళ్లు తిరిగిందో, ఎన్ని చేతులు పడ్డాయో. పూలలో తీగలుంటాయి. "తినే వస్తువు కాదు" అని పెద్ద అక్షరాలతో వెనక అతికించి పంపుతాను. అయినా బొబ్బిలిలో ఒక పాప గులాబీ పీకి కొరికింది. అదృష్టం బాగుండి వెంటనే ఉమ్మేసింది. ఇప్పుడు కేకు బల్ల దగ్గర ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టమంటున్నాను.

సొంతంగా చేసుకుందామనుకునేవాళ్లకి ఒక జాగ్రత్త. థర్మోకోల్ మీద నేరుగా బంగారు స్ప్రే కొట్టొద్దు. ఆ రంగులో ఉండే ద్రావకం థర్మోకోల్‌ని తినేసి గుంటలు పెడుతుంది. ముందు ఫెవికాల్‌తో కాగితం అతికించి, ఆరాక కొట్టాలి. ఇంకో సంగతి, ఒకసారి వాడి పారేసే థర్మోకోల్ అలంకరణ మన దేశంలో 2022 జూలై 1 నుంచి నిషేధం. రాత్రికి పెట్టి పొద్దున్న చెత్తలో వేసేది చేయించుకోకండి. నా సెట్లు పాతవి, పగిలితే పుట్టీ పెట్టి మళ్లీ వాడతాను. కొత్తది కావాలంటే వడ్రంగి చేత పలచటి ప్లైవుడ్ డబ్బాలు చేయిస్తున్నాను.

"అట్ట కేకు పెట్టి జనాన్ని మోసం చేస్తామా?" అని మా పెద్దత్తయ్య ఇప్పటికీ దెప్పుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో పంచదార కరువై 1940లో బ్రిటన్ ప్రభుత్వం కేకుల మీద పంచదార పూత పెట్టడమే నిషేధించింది. అక్కడి పెళ్లిళ్లలో అట్టతో, ప్లాస్టరుతో చేసిన పెద్ద కేకు తొడుగు అద్దెకి తెచ్చి, దాని కింద చిన్న కేకు దాచేవారు. జపాన్‌లోనూ కత్తి దిగడానికి ఒక గాడి మాత్రం ఉన్న నకిలీ కేకులు పెళ్లిళ్లలో బాగా నడిచాయి. ఇవన్నీ అత్తయ్యకి చెప్పాను. "వాళ్లకి కరువు, మీకేటొచ్చింది?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. అందుకే నావైపు నుంచి ఒక షరతు పెట్టుకున్నాను: రెండు వైపులా పెద్దవాళ్లకి డమ్మీ అని ముందే తెలియాలి. తెలియకుండా చేయమంటే ఆ ఆర్డరు ఒప్పుకోను.

పంచే కేకు గుడ్డు లేనిదే చెప్పండి. శనివారం అనో, కార్తీకమనో గుడ్డు ముట్టనివాళ్లు ప్రతి పెళ్లిలో ఉంటారు. ఎవరు తింటారో, ఎవరు తినరో అక్కడ విచారణ పెట్టలేం. క్రీము ఉన్న కేకు ఎండాకాలంలో గంటకి మించి బయట ఉంచకూడదు. అందుకని పలకల్ని ఫ్రిజ్‌లోనో, ఐసు పెట్టెలోనో ఉంచి, కోత మొదలయ్యాకే ముక్కలు చేయాలి. ఆ పని క్యాటరింగ్ వాళ్ల మీద వదిలేస్తే వాళ్లు బిర్యానీ దగ్గర ఉంటారు. మనవాళ్లు ఇద్దరు చాలు, కాగితం ప్లేట్లు ముందే పేర్చుకోవాలి.

చర్చి పెళ్లయితే నేను డమ్మీ ఇవ్వడానికి తొందరపడను. అక్కడ కేకు కోత ముఖ్యమైన తంతు, పాస్టరు గారు ప్రార్థన చేశాక కోస్తారు, ఆ ముక్క అందరికీ అందాలి. పైగా ఎండుఫలాల ప్లమ్ కేకులో కరిగే క్రీము లేదు, వారాల తరబడి నిలవుంటుంది. పలాస జీడిపప్పు దండిగా వేసి చేస్తే మూడంతస్తులూ అసలువే పెట్టొచ్చు. యాభై మందితో ఇంట్లో జరిగే చిన్న ఫంక్షన్‌కీ డమ్మీ అనవసరం. రెండు కిలోల కేకు, పక్కన నాలుగు చామంతులు చాలు.

తీసుకెళ్లేటప్పుడు అంతస్తులు విడివిడిగా పెట్టెల్లో పెట్టి, హాల్లో పేర్చండి. అసలు కేకు పెట్టెని ఒళ్లో పెట్టుకోవద్దు, ఒళ్లు సమతలంగా ఉండదు. కారులో నేల మీద పెట్టాలి. హాలుకి చేరాక పెట్టె వెంటనే తెరవకుండా కాసేపు మూసే ఉంచితే చెమట కేకుకి కాకుండా పెట్టెకి పడుతుంది. బల్ల కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెడితే చీమలెక్కవు. పాత పద్ధతే, దీన్ని మించింది నాకింకా దొరకలేదు.

మర్నాడు డమ్మీ తిరిగిచ్చేటప్పుడు అంతస్తులు, పూలు, స్టాండు లెక్క చూసుకుంటే మీ డిపాజిట్ మీకొస్తుంది. కత్తి కూడా అద్దెదే అని ఎవరికీ గుర్తుండదు. ఇప్పటికి నావి నాలుగు పోయాయి. ఒకటి మాత్రం కనబడింది. బాలసారెకి కేకు ఇవ్వడానికి వెళితే, పిడికి ఇంకా నా ఎర్ర రిబ్బనుతోనే, వాళ్ల వంటింట్లో పనసకాయ పక్కన ఉంది.