చదువుకుంటూ చిన్న వ్యాపారం: డెల్టా విద్యార్థులు మొదలుపెట్టవలసిన తీరు

2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులను రాజమహేంద్రవరం హాస్టళ్లలోని స్నేహితులకు అమ్మాలనుకునే డిగ్రీ విద్యార్థి, తొలి విడతలో పది పెట్టెలకు మించి కొనకూడదు. సరుకు ధర, బస్సు ఛార్జీ, దారిలో నలిగిపోయిన రేకుల నష్టం, అరువు బాకీలు నోటుపుస్తకంలో వేర్వేరు గడుల్లో ఏ రోజుకారోజు రాసుకోవాలి. అరువు గడి నిండుతున్నకొద్దీ, స్నేహం చెడకుండా బాకీ అడగడం ఎంత కష్టమో తెలిసివస్తుంది. రేపు ఉద్యోగంలో ఖాతాదారులతో మాట్లాడేటప్పుడు అక్కరకు వచ్చేది ఈ నేర్పే. నా మటుకు, లాభం కన్నా ఇదే మిన్న.

వ్యాపారం ఇష్టంలేనివారు కళాశాలలోని జాతీయ సేవా పథకంలో (ఎన్ఎస్ఎస్) చేరవచ్చు. రెండేళ్లలో 240 గంటల సేవతోపాటు ఏడు రోజుల శిబిరం ఉంటుంది. అక్కడ వంట సరుకుల లెక్క రాసే బాధ్యతను అడిగి మరీ తీసుకోవాలి. వ్యాపారం చేసేవారు పరీక్షల నెలలో మాత్రం ఆర్డర్లు ఒప్పుకోకూడదు.