కాలి మీద నరాలు ఉబ్బాయా? ముందు అది నరం కాదని తెలుసుకోండి

మన భాషలో ఒక చిక్కుంది. తిమ్మిరెక్కేదీ నరమే, రక్తాన్ని తిరిగి గుండెకి తీసుకెళ్లే గొట్టం, అంటే సిర, అది కూడా నరమే. మా మావయ్యకి పిక్క మీద వానపాముల్లా మెలికలు తిరిగి ఉబ్బితే, ఊళ్లో ఒకాయన "నరాల బలహీనత" అని నెల రోజులు బలం ఇంజెక్షన్లు పొడిచాడు. ఉబ్బు అలాగే ఉంది, డబ్బులు మాత్రం అయిపోయాయి. మావయ్యది రావులపాలెం దగ్గర టిఫిన్ హోటలు, ఇరవై రెండేళ్లుగా దోసెల పెనం ముందు నిలబడే ఉన్నాడు. జబ్బు పేరు వెరికోస్ వెయిన్స్, అంటే సిరలు ఉబ్బి మెలికలు తిరగడం. దీనికి చూపించుకోవాల్సింది నరాల డాక్టరుకి కాదు, రక్తనాళాల సర్జన్‌కి, అంటే వాస్క్యులర్ సర్జన్‌కి. దగ్గర్లో లేకపోతే జనరల్ సర్జన్ కూడా చూస్తారు. కాకినాడ, రాజమండ్రి ప్రభుత్వాసుపత్రుల్లో సర్జరీ ఓపీకి వెళ్లినా సరిపోతుంది.

కాలువ కింద బతికే మనకి ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. నీళ్లు పల్లానికి వాటంతట అవే పోతాయి, మెట్టకి ఎక్కాలంటే మోటారు కావాలి. కాలిలో ఆ మోటారు పిక్క కండ. అడుగేసినప్పుడల్లా అది బిగుసుకుని రక్తాన్ని పైకి నెడుతుంది, సిరల్లో ఉండే చిన్న వాల్వులు దాన్ని మళ్లీ కిందికి జారనివ్వవు. ఆ వాల్వులు పాడైతే రక్తం జారిపోయి కింద నిలవుంటుంది. పెనం దగ్గరో, రొయ్యల షెడ్డులోనో, బట్టల షాపులోనో గంటలకొద్దీ కదలకుండా నిలబడితే మోటారు ఆపేసినట్టే. ఇంట్లో అమ్మకో నాన్నకో ఉన్నా, కాన్పులయినా, ఒళ్లు పెరిగినా వచ్చే అవకాశం ఎక్కువ.

ఇంట్లో చూసుకోవడం ఎలాగంటే, పంచె మోకాలి పైదాకా ఎగ్గట్టి (ఆడవాళ్లయితే చీర కుచ్చెళ్లు దోపి) వెలుతురులో ఐదు నిమిషాలు నిలబడండి. పిక్క వెనకా, తొడ లోపలి వైపూ చూడండి. తర్వాత పడుకుని కాలు గోడకి ఎత్తి పెడితే ఉబ్బు దిగిపోవాలి. చీలమండ లోపలి వైపు చర్మం నల్లబడిందా, దురద ఉందా అన్నది కూడా ముఖ్యం. ఆ దురదని తామర అనుకుని మందుల షాపులో అడిగి ట్యూబులు రాసేవాళ్లు ఎంతమందో! అక్కడే పుండు పడితే షుగర్ పుండు అంటారు, కానీ షుగర్ పుండు ఎక్కువగా అరికాల్లోనో వేళ్ల దగ్గరో పడుతుంది, సిరల పుండు చీలమండకి కాస్త పైన.

మన జిల్లాల్లో కాలు వాచిందంటే ముందు బోదకాలే గుర్తొస్తుంది, అది తప్పేం కాదు. కాలి రెండో వేలు మొదట్లో చర్మాన్ని చిటికెలో పట్టి ఎత్తి చూడండి. మందంగా బిగుసుకుపోయి చిటికెకి అందకపోతే బోదకాలుని గట్టిగా అనుమానించాలి. అందింది కదా అని లేదనుకోకూడదు, జబ్బు తొలిరోజుల్లో అందుతుంది కూడా. బోదకాలు తెప్పించే సన్నటి పురుగుల పిల్లలు రక్తంలో రాత్రిపూటే బయటికి తిరుగుతాయి కాబట్టి రక్తపరీక్షకి రాత్రి పూట తీస్తారు.

ఇవన్నీ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాల్సింది ఒకటుంది. ఒక్క కాలు హఠాత్తుగా వాచి, పిక్క నొప్పెట్టి వేడిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. దాని మీద నూనె రాసి మర్దన చేయొద్దు. గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకొస్తుంది. ఆయాసం, ఛాతీ నొప్పి తోడైతే 108కి ఫోన్ చేయండి.

పరీక్ష ఒక్కటే, డాప్లర్ స్కాన్, అంటే రక్తం ఎటు పారుతోందో చూపించే అల్ట్రాసౌండ్. నొప్పి ఉండదు, జెల్ రాసి చూస్తారు. వాల్వులు చూసేటప్పుడు మిమ్మల్ని నిలబెట్టి చేస్తున్నారా లేదా గమనించండి, పడుకోబెట్టి మాత్రమే చేస్తే రక్తం వెనక్కి కారడం సరిగ్గా తెలియకపోవచ్చు. పిక్క నొక్కి వదులుతారు, వదిలాక చర్మానికి దగ్గరగా ఉండే పైసిరలో రక్తం అర సెకను కంటే ఎక్కువసేపు వెనక్కి జారితే వాల్వు పోయినట్టే. ఏ సిర, ఎక్కడి నుంచి కారుతోంది, లోపలి సిరలు బాగున్నాయా, ఈ మూడూ రిపోర్టులో ఉండాలి.

నొప్పీ వాపూ లేకుండా ఊరికే కనబడుతుంటే తొందరేం లేదు. లాగడం, బరువు, వాపు ఉంటే మొదట కాలిని బిగించి పట్టే ప్రత్యేకమైన సాక్సులు ఇస్తారు. కొలతలు పొద్దున మంచం దిగకముందే తీయించుకోవాలి, సాయంత్రం వాచిన కాలికి కొలిస్తే వదులైపోతాయి. తొడుక్కోవడం కూడా పొద్దున్నే. మెట్టెలున్నవాళ్లు వేళ్లు బయటికి ఉండేవి తీసుకోండి, పట్టీలు తీసేయండి, లేకపోతే చిరుగుతాయి. వేళ్లు బయటికి ఉండేవైతే పాదానికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి దాని మీంచి సాక్స్ లాగి, వేళ్ల దగ్గర నుంచి కవరు పీకేస్తే సులువుగా ఎక్కుతుంది. ఊడ్పుల్లో బురదలో దిగేవాళ్లకి ఇవి కుదరవు, మే నెల ఉక్కలో ఎవరికైనా నరకమే, అబద్ధం ఎందుకు. అలాంటివాళ్లు గట్టెక్కినప్పుడల్లా కాసేపు నడవాలి, రాత్రి మంచానికి కాళ్ల వైపు రెండేసి ఇటుకలు పెట్టాలి. చుట్ట, బీడీ, షుగర్ ఉన్నవాళ్లు, నడిస్తే పిక్క పట్టేసి ఆగితే తగ్గేవాళ్లు, కాలికి రక్తం తెచ్చే ధమనుల్లో అది సరిగ్గా పారుతోందో లేదో డాక్టరు చేత చూపించుకోకుండా బిగుతు సాక్సులు వేయకూడదు.

అప్పటికీ తగ్గకపోయినా, చర్మం నల్లబడినా, పుండు పడినా సిరని మూయించుకోవాలి. ఇప్పుడు ఎక్కువగా లేజర్ లేదా రేడియో ఫ్రీక్వెన్సీ. మోకాలి దగ్గర సూది పెట్టి సన్నటి తీగని గజ్జ దాకా పంపి, వేడితో సిరని లోపల్నించే మూసేస్తారు. చిన్నవాటికి మందుని నురగలా చేసి సిరలోకి ఇంజెక్షన్ ఇస్తారు. పాతకాలం ఆపరేషన్లో సిరని లాగేసేవాళ్లు, ఇప్పటికీ కొన్నిచోట్ల చేస్తారు. మూసేస్తే రక్తం ఎటు పోతుందని మా అత్తయ్యకి పెద్ద టెన్షన్. రక్తంలో ఎక్కువ భాగం పోయేది లోపలి సిరల్లోనే, ఇవి పైపై పిల్లకాలువలు. లోపలివి బాగున్నాయా అని ముందు డాప్లర్‌లో చూసేది అందుకే. మావయ్య అదే రోజు నడిచాడు. ఇప్పుడు పెనం పక్కన ఎత్తు స్టూలు ఉంది, గిరాకీ లేనప్పుడు మునివేళ్ల మీద లేచి దిగుతుంటాడు. ఖర్చు విషయంలో, ఆరోగ్యశ్రీ (ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు ఉంటే ముందే ఆసుపత్రిలో ఆ పథకం హెల్ప్‌డెస్క్ వాళ్లని కలిసి మీ కేసుకి వర్తిస్తుందో లేదో అడగండి, స్కాన్లన్నీ అయ్యాక కాదు.

ఇంకోటి. వేణ్ణీళ్ల స్నానంలో పీచుతో రుద్దినప్పుడో, గోకినప్పుడో ఉబ్బిన సిర చిట్లి రక్తం ధారగా కారొచ్చు. చూసేవాళ్లకి భయమేస్తుంది గానీ ఆపడం తేలికే. నిలబడి ఉండకండి, కుర్చీలో కూర్చోబెట్టకండి. నేల మీద పడుకోబెట్టి, కాలు గుండె కంటే ఎత్తుగా పెట్టి, ఉతికిన గుడ్డతో అక్కడే పది నిమిషాలు వదలకుండా నొక్కండి. పైన తాడు కట్టొద్దు, కడితే ఇంకా కారుతుంది. ఆగాక అలాగే కట్టు కట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి. రక్తం పల్చబడే మందులు వాడుతుంటే ఆ చీటీ కూడా పట్టుకెళ్లండి.