ఎఫ్ఎన్ కీ పలకకపోతే లినక్స్‌లో ఏం చెయ్యాలి

“కీబోర్డ్ మార్చీమంటారేటి మేస్టారూ?” శ్రీకాకుళంలో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొని లినక్స్ వేసుకున్న పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. అన్ని అక్షరాలూ పడుతుంటాయి, ఎఫ్ఎన్ పట్టి నొక్కే బ్రైట్‌నెస్ కీ ఒక్కటే పలకదు. కీబోర్డ్ మీద డబ్బు పోయకండి. ముందు ఆ కీ ఏ నంబరు పంపుతోందో చూడండి.

కీ నొక్కగానే ఫర్మ్‌వేర్, అంటే మెషిన్‌లోనే ఉండే ప్రోగ్రామ్, స్కాన్‌కోడ్ అనే నంబరు పంపుతుంది. దాన్ని లినక్స్ తనకి అర్థమయ్యే కీకోడ్ నంబరుగా మార్చుకోవాలి: బ్రైట్‌నెస్ తగ్గించడానికి 224, పెంచడానికి 225. ఎఫ్ఎన్‌తో నొక్కే ఈ హాట్‌కీలకి కంపెనీలు తలో నంబరు పెట్టుకుంటాయి. ఏ స్కాన్‌కోడ్‌కి ఏ కీకోడ్ అన్న జత (మ్యాపింగ్) ఎక్కడా రాసి లేకపోతే కీ నొక్కినా ఏమీ జరగదు.

టెర్మినల్‌లో సుడోతో (అడ్మిన్ హక్కులతో) ఈవీటెస్ట్ అనే, కీల నంబర్లు చూపించే ప్రోగ్రామ్ నడిపి, జాబితాలో ‘ఏటీ ట్రాన్స్‌లేటెడ్ సెట్ 2 కీబోర్డ్’ (ల్యాప్‌టాప్ సొంత కీబోర్డ్) ఎంచుకుని, ఆ కీ ఒక్కటే నొక్కండి. ఎంఎస్‌సీ స్కాన్ పక్కన వాల్యూ పడుతుంది. పలాస గుంటడు తెచ్చినదాన్లో 89 అని వచ్చింది. అది హెక్సాడెసిమల్ (16 ఆధారంగా లెక్కించే) నంబరు, మార్చకుండా అలాగే రాసుకోండి. అక్కడేమీ రాకపోతే జాబితాలో మిగతా డివైజులూ చూడండి. ‘వీడియో బస్’ అనే డివైజులో బ్రైట్‌నెస్ అని వస్తే మ్యాపింగ్ బాగానే ఉన్నట్టు, తేడా స్క్రీన్ వెనక వెలిగే బ్యాక్‌లైట్ దగ్గర ఉంది. ఎక్కడా రాకపోతే కెర్నల్ (లినక్స్ మూలభాగం) డ్రైవరే ఆ కీని పట్టుకోవాలి, కింద చెప్పే ఫైల్ పనికిరాదు.

నంబరు దొరికాక, ఈటీసీ ఫోల్డర్‌లో యూడెవ్ (డివైజుల్ని చూసుకునే భాగం) కింద ఉండే హెచ్‌డబ్ల్యూడీబీ డాట్ డీ ఫోల్డర్‌లో 90తో మొదలయ్యే పేరుతో ఫైల్ పెట్టండి. ఎక్స్‌టెన్షన్ హెచ్‌డబ్ల్యూడీబీ. లోపల అంతా ఇంగ్లీషు అక్షరాలే. మొదటి లైన్లో ఈవ్‌డెవ్, ఏటీకేబీడీ, డీఎంఐ కోలన్లతో వరసగా రాసి, మీ మెషిన్ కంపెనీ, మోడల్ పేర్లు చేర్చాలి. అవి సిస్ ఫోల్డర్‌లో, మెషిన్ వివరాలుండే డీఎంఐ కింద మోడ్‌ఏలియాస్ ఫైల్లో ఉంటాయి. రెండో లైన్: పెద్దక్షరాల్లో కీబోర్డ్, కీ, 89 (ఇక్కడ మీకొచ్చిన నంబరు) మధ్యలో అండర్‌స్కోర్లు, తర్వాత ఈక్వల్స్, చిన్నక్షరాల్లో బ్రైట్‌నెస్‌అప్. ఈ రెండో లైన్ ముందు ఒక్క స్పేస్ తప్పనిసరి. అది లేకపోతే దాన్ని సెట్టింగ్ కింద తీసుకోదు. ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే.

ఈ ఫైల్ అమల్లోకి రావడానికి సుడోతో సిస్టమ్‌డీ హెచ్‌డబ్ల్యూడీబీ అప్‌డేట్, ఆపైన యూడెవ్‌ఏడీఎం ట్రిగ్గర్ కమాండ్లు నడపండి. సెట్‌కీకోడ్స్ కమాండ్‌తో కూడా మార్చొచ్చు గానీ రీబూట్ అయితే అది పోతుంది.

ఒక్కసారి నొక్కితే వెలుతురు ఆగకుండా పెరిగిపోతోందా? ఫర్మ్‌వేర్ కీ వదిలిన సంగతి చెప్పడం లేదు. బ్రైట్‌నెస్‌అప్ ముందు ఆశ్చర్యార్థకం గుర్తు పెట్టండి, వదిలినట్టు లినక్సే చూసుకుంటుంది.

టచ్‌ప్యాడ్ కీది వేరే తంటా. దాని అసలు కీకోడ్ 530. ఎక్స్ అనే పాత డిస్‌ప్లే వ్యవస్థ మీద నడిచే డెస్క్‌టాప్‌కి 247 దాటిన కీకోడ్ నేరుగా చేరదు. అక్కడ బ్రైట్‌నెస్‌అప్ బదులు ఎఫ్21 అని రాయండి.

అంతా కుదిరాక ఆ రెండు లైన్లనీ ఈ హెచ్‌డబ్ల్యూడీబీ జాబితాని నడిపే సిస్టమ్‌డీ ప్రాజెక్టుకి పంపండి. వాళ్లు తీసుకుంటే అదే మోడల్ కొన్న ఇంకో పిల్లాడికి ఈ పనేదీ ఉండదు.