పెండ్లి పత్రికలకు పిన్ కోడ్‌లు తప్పు లేకుండా ఎలా రాయాలి?

ముహూర్తాల నెల వస్తే చాలు, తిరుపతిలో మా వీధివాళ్లు చిరునామాల షీటు పట్టుకుని నా దగ్గరికి వస్తారు. ఎవరి షీటు చూసినా ఒకటే తప్పు. ఊరి పేరు ఫోన్‌లో కొట్టి, మొదట కనిపించిన పిన్ రాసేస్తారు. దయచేసి అలా చేయకండి. తపాలా శాఖ జాబితా మొత్తం ప్రభుత్వ సైటు డేటా డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఉచితంగా ఉంది.

అక్కడ ఆలిండియా పిన్‌కోడ్ డైరెక్టరీ అని వెతికి ఫైలు దించుకోండి. లక్షన్నరకు పైగా వరుసలుంటాయి కాబట్టి ఫోన్‌లో వద్దు, కంప్యూటర్‌లో ఎక్సెల్‌లోనే తెరవండి. రాష్ట్రం కాలమ్‌లో ఆంధ్రప్రదేశ్ పెట్టి ఫిల్టర్ చేయండి. ఇంతవరకు పది నిమిషాల పని.

ఇక అసలు చిక్కు, ఊరిని పిన్‌తో జతచేయడం. ఇక్కడ మాత్రం తొందరపడొద్దు. కొత్తపల్లి అని వెతికితే ఒక్క రాష్ట్రంలోనే బోలెడన్ని వస్తాయి. మా అక్క కూతురి పెండ్లికి ఒక పెద్దాయన కవరు మీద నేనే ఇలా పేరు చూసి పిన్ వేశాను. పెండ్లయిన రెండు వారాలకు ఆ కవరు తిరిగొచ్చింది, పసుపు బొట్టు మీదుగా ఎర్ర సిరాతో 'ఇటువంటి వారు లేరు' అని రాసి ఉంది. పెద్దాయన పిలుపు అందలేదని ఇప్పటికీ బాధపడతారు. అందుకే ఊరి పేరుతో ఎప్పుడూ వెతకకూడదు. ముందు ఆ ఇంటివాళ్లకు ఫోన్ చేసి 'మీకు ఉత్తరాలు ఏ పోస్టాఫీసు నుంచి వస్తాయి?' అని అడగండి, ఫైలులో ఆ ఆఫీసు పేరు, డివిజన్ (అది ఏ తపాలా విభాగం కిందికి వస్తుందో) రెండూ కలిస్తేనే పిన్ తీసుకోండి. పల్లెల్లోని బ్రాంచి ఆఫీసులకు సొంత పిన్ ఉండదు, పై ఆఫీసుదే వాటికీ. కాబట్టి పది ఊళ్లకు ఒకే నంబరు కనిపిస్తే కంగారుపడొద్దు. డెలివరీ కాలమ్‌లో నాన్ డెలివరీ అని ఉంటే ఆ వరుస వదిలేయండి, అక్కడి నుంచి ఇంటింటికీ బట్వాడా ఉండదు.

జిల్లా పేరునూ నమ్మొద్దు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి గానీ పిన్‌లు మారలేదు. తిరుపతి 517501, చిత్తూరు 517001, రెండూ 517తోనే మొదలవుతాయి. జిల్లా మారిన మదనపల్లె కూడా 517325 దగ్గరే ఉంది. కానీ నెల్లూరు నుంచి మన తిరుపతి జిల్లాలో కలిసిన సూళ్లూరుపేట 524121. 517 ఒక్కటే ఫిల్టర్ చేసుకుంటే అటువైపు చుట్టాలందరూ జారిపోతారు.

యాడ్‌లతో నిండిన పిన్‌కోడ్ సైట్లు ఎందుకు వద్దంటానంటే, ఎప్పటిదో పాత కాపీ పెట్టుకుని ఉంటాయి, డెలివరీ సంగతి చాలాచోట్ల చెప్పనే చెప్పవు. బ్రిటన్‌లో ఇంటింటి చిరునామాల ఫైలు అక్కడి తపాలా సంస్థ రాయల్ మెయిల్ చేతిలో ఉంది, 2013లో ఆ సంస్థ ప్రైవేటుపరమైనప్పుడు అదీ దాంతోపాటే వెళ్లింది, వాడుకోవాలంటే లైసెన్సు కొనాలి. మన ఫైలులో ఇంటి నంబర్లు లేవు, నిజమే. అయినా పోస్టాఫీసుల జాబితా మొత్తం ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, నాకు అది చాలా పెద్ద విషయం.

లేబుల్ ప్రింట్ చేసేటప్పుడు పిన్ పైన పోస్టాఫీసు పేరు కూడా తప్పకుండా వేయండి. ఒక అంకె చెరిగిపోయినా ఆ పేరు చూసి సార్టింగ్‌లో సరైన సంచిలో వేస్తారు.